అయినవాళ్ళకి ఆకులు, కానివాళ్ళకి కంచాలు?

మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ పౌడరు ఎక్కడ కొంటే మనకెందుకు, పంచాయతీ వాళ్ళు వీధి దీపాలు ఎవరి దగ్గర తెస్తే మనకెందుకు అనుకుంటాం. పేపర్లో టెండరు ప్రకటన కనపడగానే పేజీ తిప్పేస్తాం. ఆ సన్న అక్షరాలు కాంట్రాక్టర్ల కోసమేనని మన నమ్మకం. కానీ మన పిల్లాడు బళ్ళో తినే గుడ్డు, తొడుక్కునే చొక్కా, అంగన్‌వాడీలో పక్కింటి చంటిది తాగే పాలు, అన్నీ అలాంటి సన్న అక్షరాల్లోంచి వచ్చినవే. వాటికయ్యే డబ్బూ మనదే. ఇంటి పన్నుగా కొంత కడతాం, కుళాయి పన్నుగా కొంత కడతాం, సబ్బుబిళ్ళ కొన్నప్పుడల్లా జీఎస్టీగా మరికొంత కడతాం.

మరి మన డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఊళ్ళో వాళ్ళ వైపు కాస్త మొగ్గు చూపాలా? లేక ఎవరు తక్కువ ధర చెబితే వాళ్ళకే, వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళైనా సరే, ఇచ్చెయ్యాలా? తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్ళలో ఈ ప్రశ్నకి జవాబు తేలిగ్గా కనిపిస్తుంది. "మన డబ్బు మనవాళ్ళకే" అంటే చప్పట్లు పడతాయి. నేనూ మన ఊరి వాళ్ళ పక్షమే. అయితే "మనవాళ్ళకే" అని ఊరుకుంటే లాభపడేది మనం అనుకునే మనవాళ్ళు కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఊరి వాళ్ళంటే ఎవరు?

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోవే. ఆ రోజు నుంచి బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. రేపల్లె వాళ్ళు పెళ్ళి బట్టలకీ, బంగారానికీ తరతరాలుగా రైలెక్కి తెనాలి వెళ్తున్నారు. "జిల్లా వాళ్ళకే ప్రాధాన్యం" అని ఒక నియమం పెడితే తెనాలి దుకాణదారు రేపల్లెకి పరాయివాడు. అదే రోజు ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన చీరాల నేతగాడు మాత్రం రాత్రికి రాత్రే సొంతవాడు. గీత గీసింది కాగితం మీదే గానీ వియ్యాలూ బేరాలూ గీతను బట్టి నడవవు కదా!

ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్ళో దుకాణం ఉన్నంత మాత్రాన సరుకు ఊళ్ళోది కాదు. తెనాలిలో బోర్డు కట్టుకుని, సూరత్ నుంచి బట్ట తెప్పించి పంచాయతీకి అమ్మితే ఊళ్ళో మిగిలేది కమీషనే. ఊళ్ళో కుట్టిన చొక్కా, ఊళ్ళో వండిన కూర అలా కాదు. ఆ కూలి సాయంత్రానికి మన వీధి కిరాణా కొట్టుకే చేరుతుంది. కాబట్టి దుకాణం ఎక్కడుంది అని కాకుండా కూలి ఎవరి చేతికి వెళ్తోంది అని అడగాలి. ఆడవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు, ఎందుకంటే వంటపనీ కుట్టుపనీ ఎక్కువగా మన చేతుల్లోవే.

అన్నం దగ్గర

బడి భోజనం సంగతి చూడండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, పిల్లలకి బళ్ళో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. పేరు ప్రభుత్వాన్ని బట్టి మారింది. 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పేరేదైనా చాలా బళ్ళలో వండేది ఆ ఊరి ఆడవాళ్ళే. కూరగాయలు, పోపు సామాను వాళ్ళే కొంటారు. గుడ్లు, చిక్కీలు మాత్రం టెండరు పాడుకున్న గుత్తేదార్లు తెచ్చి ఇస్తారు.

2004 అక్టోబరు 7న అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. అంగన్‌వాడీల ఆహారం సరఫరాకి కాంట్రాక్టర్లను పెట్టకూడదనీ, వీలైనంత వరకు గ్రామస్థులు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ళ ద్వారానే ధాన్యం కొని వండించాలనీ ఆదేశించింది. కేరళలో అంగన్‌వాడీ పిల్లల పోషకాహార పొడి 'అమృతం' ఇప్పటికీ కుటుంబశ్రీ ఆడవాళ్ళ యూనిట్లలోనే తయారవుతోంది.

మన దగ్గరో? 2022 నాటికి మన అంగన్‌వాడీలకి పాలు కర్ణాటక పాల సమాఖ్య నుంచి ప్యాకెట్లలో వచ్చేవి. తెనాలి–గుంటూరు దారిలో వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. డెల్టాలో గేదె లేని ఊరు లేదు. అయినా పాలు మాత్రం పక్క రాష్ట్రం నుంచి! పొరుగింటి పుల్లకూర రుచి అని నవ్వుకోవచ్చు గానీ, దానికీ ఓ కారణముంది. ఆ ప్యాకెట్ పాలు ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలవుంటాయి. ఫ్రిజ్ లేని అంగన్‌వాడీకి అది చిన్న సదుపాయం కాదు. మన పాలు కొనమని అడగాలంటే రోజూ తెల్లవారి ఎనిమిదింటికల్లా క్యాన్ ఎవరు తెచ్చిస్తారో కూడా మనమే చెప్పాలి.

పట్టణాల్లో పెద్ద వంటశాలల పద్ధతి కూడా వచ్చింది. మంగళగిరి దగ్గర ఆత్మకూరులో 2022 ఫిబ్రవరిలో అక్షయపాత్ర వంటశాల మొదలైంది. రోజుకి యాభై వేల మందికి వండగల చోటది. 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లకి భోజనం సరఫరా చేసే పని హరేకృష్ణ మూవ్‌మెంట్ ఫౌండేషన్‌కి ఇచ్చారు. శుభ్రత విషయంలో, ఒకే రుచి విషయంలో పెద్ద వంటశాలలకి మంచి పేరే ఉంది. అక్కడ ఆవిరి మీద అన్నం ఉడుకుతుంటే, ఊరి బళ్ళో వంటామె పొగ పొయ్యి ముందు కళ్ళు నులుముకుంటుంది. పిల్లల ఆరోగ్యం ముందు మనవాళ్ళు, పరాయివాళ్ళు అనే వాదన నిలవదు. అది ఒప్పుకోవాల్సిందే.

మరి ఊరి వంటామెని మెరుగ్గా పనిచెయ్యనివ్వనిది ఏమిటి? బడి వంట ఏజెన్సీ వాళ్ళని ఎవరినడిగినా మొదట చెప్పేది బిల్లుల సంగతే. కేంద్రం లెక్క ప్రకారం 2025 మే నుంచి ప్రాథమిక పాఠశాలలో ఒక్కో పిల్లకి రోజుకి వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. నూరుమంది తినే బడి అనుకుందాం. రోజుకి 678 రూపాయలు. నెలకి ఇరవై పని దినాలైతే 13,560. బిల్లు మూడు నెలలు ఆగిందా, నలభై వేల రూపాయలు దాటిపోతుంది. అంత డబ్బు వంటామె ఎక్కడి నుంచి తెస్తుంది? కిరాణా కొట్లో అరువు, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ వడ్డీయే నెలకి ఎనిమిది వందలు దాటుతుంది. 2019 నుంచి ఆమెకిస్తున్న గౌరవ వేతనం నెలకి 3,000. అంటే ప్రభుత్వానికి అప్పిస్తున్నది బ్యాంకు కాదు, ఊరి వంటామె! కిరాణా కొట్టాయన "ఏమ్మా, పోయిన నెలది ఇవ్వకుండా మళ్ళీ పప్పా?" అని అందరి ముందూ అడిగితే తల దించుకునేది కూడా ఆమే. ఇలాంటి చోట "స్థానికులకి ప్రాధాన్యం" అని జీవో ఇస్తే ఆమెకి ఒరిగేదేముంది?

బట్ట దగ్గర

బడి బట్టల కథ ఇంకా విచిత్రం. 2020 అక్టోబరు 8న విద్యాకానుక మొదలైనప్పుడు మూడు జతల బట్ట, పుస్తకాలు, బూట్లు, బ్యాగు, బెల్టు కలిపి రాష్ట్రమంతటికీ ఒక కిట్టుగా ఇచ్చారు. బట్ట మూటలుగా వచ్చింది, కుట్టుకూలి తల్లుల ఖాతాలో పడింది. ఎంత? ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా జతకి నలభై రూపాయలు. తొమ్మిది, పది తరగతులకి ఎనభై. నలభై రూపాయలకి లాగూ చొక్కా కుట్టే దర్జీ మన వీధిలో ఉంటే చెప్పండి, నేనూ వస్తాను! మిగతాది తల్లే చేతి నుంచి వేసుకోవాలి. ఊళ్ళో కుట్టించడం మంచి ఆలోచనే. కానీ ఊరి కూలి ఎంతో తెలియకుండా ధర కట్టారు.

తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడుల బట్టలు కుట్టే పని మహిళా సంఘాలకి ఇచ్చారు, జతకి కూలి 50 నుంచి 75 రూపాయలకి పెంచారు. అదీ ఎక్కువేం కాదు గానీ, వేసవిలో సంఘం ఆడవాళ్ళకి చేతినిండా పని దొరికింది.

తెలంగాణలోనే మనం నేర్చుకోదగ్గ ఇంకో కథ ఉంది, చీరల కథ. 2017లో బతుకమ్మ పండక్కి ఆడవాళ్ళకి చీరలు పంచాలనీ, ఆ పని సిరిసిల్ల మరమగ్గాలకివ్వాలనీ అనుకున్నారు. కోటి చీరలు సమయానికి నెయ్యడం సిరిసిల్ల వల్ల కాలేదు, చాలా భాగం సూరత్ నుంచి తెచ్చారు. చీరలు బాగాలేవని కొన్నిచోట్ల ఆడవాళ్ళు వాటిని తగలబెట్టారు. మరుసటి ఏడు నుంచి ఆర్డరు సిరిసిల్లకే ఇచ్చారు. పనితనం మెరుగైంది, ఆసాముల దగ్గర పనిచేసే కార్మికులకి కూలి పెరిగింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో ఆ చీరల పంపిణీ ఆగింది, పాత బకాయిలు నిలిచాయి, మగ్గాలు ఆగిపోయాయి. సిరిసిల్లలో నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్ళీ చదివాం. తర్వాత స్వయం సహాయక సంఘాల సభ్యులకిచ్చే చీరల ఆర్డరు మళ్ళీ సిరిసిల్లకి ఇచ్చారు, 2025 నవంబరులో పంపిణీ మొదలైంది.

దీన్ని బట్టి తెలిసేదేమిటి? ప్రభుత్వం కొనుగోలు ఒక ఊరిని నిలబెట్టగలదు. అదొక్కటే ఆధారమైతే, ప్రభుత్వం మారిన రోజున ఆ ఊరు కూలిపోనూగలదు. చీరాల మగ్గాలకి మనం ఆర్డర్లు అడిగేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ప్రభుత్వం ఆర్డరు పంటకాలవలో నీళ్ళలాంటిది. వచ్చినప్పుడు వాడుకోవాలి, ఇంట్లో బావి మాత్రం పూడ్చుకోకూడదు.

ఇంటి దీపమే, కానీ...

ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా? ఊరి వాళ్ళకే అని తలుపులు మూసేస్తే పక్కన ఎవరుంటారో మనకి తెలియంది కాదు. కౌన్సిలరు గారి బావమరిది ఉంటాడు, సర్పంచి భర్త గారి స్నేహితుడు ఉంటాడు. పోటీ లేకపోతే ధర పెరుగుతుంది, సరుకు తగ్గుతుంది. కాలవలో పూడిక తియ్యకుండానే బిల్లు అవుతుంది. అడిగితే "మన కుర్రాడేగా" అంటారు.

కోర్టులు కూడా ఇలాంటి తలుపులు ఒప్పుకోవు. ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ బడుల ఆట సామాను కొనడానికి టెండరు పిలుస్తూ, గత మూడేళ్ళలో ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే ఆరు కోట్ల రూపాయల సరుకు ఇచ్చి ఉండాలని షరతు పెట్టారు. అందరికీ సమాన అవకాశం లేకుండా చేసే షరతు చెల్లదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ షరతు బయటివాళ్ళనే ఆపుతుందని మీరనుకోవచ్చు. ఆలోచించండి, ఆ రాష్ట్రంలోనే కొత్తగా పని మొదలుపెట్టిన ఆడమనిషి ఆరు కోట్ల అనుభవం ఎక్కడి నుంచి తెస్తుంది? ఊరి పేరుతో పెట్టిన గోడ ఊరి చిన్నవాళ్ళనే ముందు ఆపింది.

ఇటు చవక బేరం ఒక్కటే చూసినా ముప్పే. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ వచ్చినప్పుడు, కిలో 320 రూపాయలకి ఆవు నెయ్యి ఎలా వస్తుందని ప్రతి వంటింట్లోనూ అనుకున్నాం. వెన్న కాచే వాళ్ళం, ఆ లెక్క మనకి అధికారుల కంటే ముందే తెలుసు.

మన దగ్గరా కొంటున్నారు

తెనాలి వాళ్ళకి ఇంకో మాట చెప్పాలి. ఏ ఊళ్ళో నాయకుడి విగ్రహం పెట్టాలన్నా తెనాలి శిల్పుల దగ్గరికి వస్తారు. 2021లో నట్లూ బోల్టుల్లాంటి ఇనుప తుక్కుతో సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి కుమారుడు రవిచంద్ర చేసిన పధ్నాలుగు అడుగుల ప్రధాని విగ్రహం బెంగళూరు వెళ్ళింది. బాపట్ల వ్యవసాయ పరిశోధన నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, మన రైతులు బీపీటీ 5204 అనే వరి, ఎన్ని రాష్ట్రాల్లో పండుతోందో! రేపల్లె పక్కన నిజాంపట్నం రేవులో దిగిన చేప, రొయ్య ఎన్ని ఊళ్ళు దాటి వెళ్తున్నాయో! ప్రతి ఊరూ "మా వాళ్ళ దగ్గరే కొంటాం" అంటే ముందు నష్టపోయేది తెనాలి శిల్పే.

మూట చిన్నది చేస్తే

మరైతే దారేది? తలుపు అందరికీ తెరిచే ఉంచాలి. మూట మాత్రం ఊరివాళ్ళు ఎత్తగలిగినంత చిన్నది చెయ్యాలి.

ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊరుంది. 2011లో అక్కడ పెద్ద షాపింగ్ కేంద్రం కట్టాలనుకున్న పథకం మూలపడింది. బయటి నుంచి ఎవరో వచ్చి ఉద్ధరిస్తారన్న ఆశ వదులుకుని, అక్కడి కౌన్సిలూ కాలేజీ పోలీసు శాఖ లాంటి ఆరు సంస్థలు తమ డబ్బు ఎక్కడికి పోతోందో లెక్క చూసుకున్నాయి. 2012–13లో ఊళ్ళో ఖర్చయ్యేది నూటికి అయిదు పాళ్ళే. 2016–17కి అది పద్ధెనిమిది దాటింది. ఎలా? బడి భోజనాల కాంట్రాక్టుని గుడ్లు వేరు, పాలు వేరు, పెరుగు వేరు, జున్ను వేరు అని తొమ్మిది ముక్కలు చేశారు. ఎవరైనా వేసుకోవచ్చు. ఒక్కో ముక్క చిన్నది కాబట్టి ఆ జిల్లా రైతుల సరుకు అమ్మేవాళ్ళే అన్నీ గెలుచుకున్నారు. పక్షపాతం లేదు, కోర్టుకి పోవాల్సిన పనీ లేదు.

బ్రెజిల్ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే కొనాలని 2009లో చట్టం చేశారు. 2026 నుంచి అది 45 శాతం. రైతు కుటుంబాల దగ్గర విడిగా కొనేదాంట్లో కనీసం సగం ఇంటి ఆడమనిషి పేరు మీదే ఉండాలని 2023లో చేర్చారు. మనవాళ్ళు చదవాల్సిన చట్టం!

మన కేంద్రానికీ ఇలాంటి విధానం ఉంది. 2012 నుంచి కేంద్ర శాఖలు, సంస్థలు కొనేదాంట్లో ఒక వాటా చిన్న పరిశ్రమలకివ్వాలి. ఇప్పుడది 25 శాతం, అందులో 3 శాతం మహిళలవి. చిన్నవాళ్ళ ధర తక్కువ ధర కంటే 15 శాతం లోపు ఎక్కువుంటే, ఆ తక్కువ ధరకి దిగి వచ్చి కొంత సరుకు ఇచ్చే అవకాశం వాళ్ళకుంటుంది. ఖజానాకి పైసా అదనం కాదు. మన మునిసిపాలిటీలకి ఆ ఉత్తర్వు వర్తించదు, కానీ ఆ పద్ధతి తీసుకోవడానికి అడ్డేముంది?

పని ముక్కలు చేస్తే ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరని అధికారులంటారు. నిజమే, టెండరు తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేసే అలవాటు ఉంది కాబట్టే ఆ నిబంధన వచ్చింది. ముక్కలన్నీ ఒకే ప్రకటనలో, అందరూ చూసేలా, ఒకే రోజు పిలిస్తే తప్పించుకోవడం ఎక్కడుంటుంది? గుమాస్తాకి పని పెరుగుతుంది, ఆ మాట నిజమే. ఒక బిల్లు బదులు పది బిల్లులు రాయాలి. నూరుమంది ఆడవాళ్ళకి పని దొరుకుతుందంటే ఆ మాత్రం సిరా ఖర్చు పెట్టొచ్చు.

మనం అడగాల్సినవి

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళకే రిజర్వు చేశారు మన రాష్ట్రంలో. ఓటడగడానికి వచ్చే ఆవిడని రోడ్డు, మురుక్కాలవ, కుళాయితో పాటు ఈ నాలుగూ అడుగుదాం.

ఒకటి, టెండరు మూట ఎంత పెద్దది? మహిళా సంఘం ధరావతు కట్టి పాల్గొనగలిగినంతేనా?

రెండు, బిల్లు ఎన్ని రోజుల్లో ఇస్తారు? 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీతో ఇవ్వాలి, ప్రభుత్వ కార్యాలయమైనా అంతే. దానికి ముందుగా ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకుని ఉండాలి. అది పూర్తిగా ఉచితం. కుట్టుమిషను పెట్టుకున్న ప్రతి చెల్లెలూ ఈ పని చేసుకోవాలి.

మూడు, ఏం కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకి కొన్నారు అనేది ఆఫీసు గోడ మీద రాస్తారా? రాయకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మునిసిపల్ ఆఫీసులో పది రూపాయల రుసుముతో అడగొచ్చు.

నాలుగు, సరుకు బాగుందని సంతకం ఎవరు పెడతారు? గుడ్డు తినే పిల్ల తల్లి, బట్ట తొడుక్కునే పిల్లాడి తల్లి ఆ సంతకంలో ఉండాలి.

అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో వడ్డించకూడదు. అలాగని కానివాళ్ళని బంతిలోంచి లేపెయ్యనూ అక్కర్లేదు. అందరికీ ఒకే బంతి వెయ్యాలి, ముద్ద మన చేతికి అందేలా ఉండాలి, తిన్నదానికి లెక్క గోడ మీద ఉండాలి. మన ఇంటి పన్నుతో నడిచే ఆఫీసుని ఈపాటి అడిగే హక్కు మనకి ఉంది.